జన్యువును మోసే నలుసు

కంట్లో నలుసు పడితే ఏమవుతుందో మీకు తెలుసు. సికింద్రాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. శామీర్‌పేట చెరువు గాలి చల్లగా తగులుతూ ఉంటుంది. ఇంతలో ఎక్కణ్ణుంచో ఒక ఇసుక రేణువు ఎగిరి వచ్చి కంట్లో పడుతుంది. కన్ను టక్కున మూసుకుంటుంది. నీరు కారుతుంది, ఎర్రబడుతుంది. ఇదంతా మీరు చెయ్యమంటే జరిగిందా? కాదు. వద్దంటే ఆగుతుందా? ఆగదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ నలుసు మంచిదా, చెడ్డదా అని కన్ను విచారణ చెయ్యదు. "ఇది నాది కాదు" అని తెలిస్తే చాలు, బయటికి తోసేస్తుంది. మన ఒంట్లో రక్తమూ, కాలేయమూ, ప్లీహమూ కూడా ఇలాగే పనిచేస్తాయి.

మరి మందును మోసుకుపోయే నలుసునే మనం కావాలని ఒంట్లోకి పంపిస్తే? దాన్ని కూడా శరీరం తోసేస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్ళు మనకు దూరంగా ఏమీ లేరు. అదే రహదారి పక్కన తుర్కపల్లి, కొల్తూరు గ్రామాల దగ్గరా, పడమటి వైపు మేడ్చల్‌లోనూ టీకాల కర్మాగారాలూ పరిశోధనశాలలూ ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని జీనోమ్ వ్యాలీ అంటారు. ఈ నెల పాఠం ఆ నలుసుల గురించి.

ఎంత చిన్నవి?

ఒక మిల్లీమీటరును పది లక్షల సమాన భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక నానోమీటరు అవుతుంది. ఊహకు అందడం లేదు కదూ? అయితే ప్రపంచంలోని ప్రతి వస్తువునూ లక్ష రెట్లు పెద్దది చేసి చూద్దాం.

22 నానోమీటర్ల నలుసు ఆవగింజంత అవుతుంది. 100 నానోమీటర్ల నలుసు పెద్ద శనగగింజంత అవుతుంది. మన రక్తంలోని ఎర్రకణం ముప్పావు మీటరు వెడల్పు ఉన్న పళ్ళెమంత అవుతుంది. తల వెంట్రుక మందం ఎనిమిది మీటర్ల బావి వెడల్పుకు వస్తుంది. ఇక మీ సంగతా? మీరు ఒకటిన్నర మీటర్ల పొడవుంటే, పడుకున్నప్పుడు తల హైదరాబాదులో, కాళ్ళు దాదాపు కరీంనగర్‌లో ఉంటాయి! అంత పెద్ద ఒంట్లో ఆవగింజంత, శనగగింజంత నలుసుల సంగతి మనం చెప్పుకుంటున్నాం.

ఇంత చిన్నవాటిని శరీరం గుర్తుపట్టలేదని అనుకోకండి. వైరస్‌లు కూడా దాదాపు ఈ పరిమాణంలోనే ఉంటాయి. వాటిని పట్టుకోవడం మన శరీరానికి కొత్త విద్య కాదు.

జన్యువుకు బండి ఎందుకు?

జన్యువు అంటే కణానికి రాసి ఉంచిన ఆజ్ఞ. "ఫలానా ప్రోటీనును ఇలా తయారుచెయ్యి" అని అందులో ఉంటుంది. తహసీలు కచేరీలో అసలు దస్తావేజును బీరువాలోనే భద్రపరచి, అవసరమైనప్పుడు నకలు ఇస్తారు కదా. కణంలోనూ అంతే. అసలు ప్రతి డి.ఎన్.ఎ. రూపంలో కేంద్రకంలో ఉంటుంది. పనికోసం బయటికి వచ్చే నకలును ఎం.ఆర్.ఎన్.ఎ. అంటారు. పని అయిపోగానే కణం ఆ నకలును చింపి పారేస్తుంది.

కొందరికి పుట్టుకతోనే ఏదో ఒక ఆజ్ఞలో తప్పు ఉంటుంది. ఆ ప్రోటీను తయారు కాదు, లేదా పనికిరాకుండా తయారవుతుంది. సరైన ఆజ్ఞను బయటినుంచి పంపిస్తే? లేదా వైరస్‌కు చెందిన ఒక ప్రోటీను తయారుచేసే ఆజ్ఞను పంపి, ఆ ప్రోటీనును ముందుగానే శరీరానికి పరిచయం చేస్తే? మొదటిది జన్యుచికిత్స. రెండవది కొత్తరకం టీకా.

ఆజ్ఞను ఒట్టిగా రక్తంలోకి ఎక్కిస్తే లాభం లేదు. రక్తంలోని ఎంజైములు ఎం.ఆర్.ఎన్.ఎ.ని నిమిషాలలోనే ముక్కలు చేస్తాయి. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర కూడా దాన్ని లోపలికి రానివ్వదు. అందుకే ఆజ్ఞను ఒక నలుసులో పొదిగి పంపాలి. ఆ నలుసే జన్యువుకు బండి.

మేడ్చల్ ఆవగింజ

ఆజ్ఞను మోసే బండి కాకపోయినా, నలుసును చూసి శరీరం ఎలా స్పందిస్తుందో చక్కగా చెప్పే ఉదాహరణ మేడ్చల్‌లో ఉంది. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యువులను మార్చే పద్ధతిలో మనదేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. 2009లో ఈ సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ కంపెనీ చేతికి వచ్చింది.

దాన్ని ఎలా చేశారు? హెపటైటిస్-బి వైరస్ పైతొడుగులోని ఒక ప్రోటీను జన్యువును ఈస్టు కణాలలో చేర్చారు. ఈస్టు ఆ ప్రోటీనును తయారుచేసి పెట్టింది. విచిత్రమేమంటే ఆ ప్రోటీను అణువులు వాటంతట అవే కొంత కొవ్వుతో కలిసి 22 నానోమీటర్ల గుండ్రని నలుసులుగా కూడుకుంటాయి. పైకి వైరస్‌లా కనిపిస్తుంది, లోపల వైరస్ జన్యువు ఉండదు. కాబట్టి జబ్బు రాదు.

ఇదే ప్రోటీనును విడివిడి అణువులుగా ఇస్తే శరీరం అంతగా పట్టించుకోదు. నలుసుగా ఇస్తే గట్టిగా ప్రతిస్పందిస్తుంది. ఎందుకు? ఒకే ఆకారం వరుసగా, దగ్గరదగ్గరగా, పదేపదే కనిపించడం వైరస్‌ల లక్షణం. వీధిలో ఒక్క మనిషి నడిచిపోతే కాపలావాడు ఊరుకుంటాడు. ఒకే దుస్తులు వేసుకున్న నూరుమంది బారులు తీరి వస్తే ఈల వేస్తాడు. ఇదీ అంతే. మీ చిన్నతనంలో వేయించిన టీకాలలో హెపటైటిస్-బి కూడా ఉండే ఉంటుంది. అంటే ఇలాంటి ఆవగింజలను మీ శరీరం ఎప్పుడో చూసింది, గుర్తు పెట్టుకుంది.

కాపలాదారులు ఎవరు?

శరీరంలో కాపలా రెండు వరుసలుగా ఉంటుంది.

మొదటి వరుస పుట్టుకతో వచ్చినది. రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ ప్రోటీనులు కొత్త నలుసు కనిపిస్తే దానిమీద అతుక్కుని గుర్తు వేస్తాయి. ఆ గుర్తును చూసి భక్షక కణాలు నలుసును మింగుతాయి. కాలేయంలోనూ ప్లీహంలోనూ ఈ భక్షక కణాలు గుంపులుగా ఉంటాయి. ఇవి కాక, కణాలలో టోల్ గ్రాహకాలు అనే గూఢచారులు ఉన్నాయి. మనిషిలో ఇవి పదిరకాలు. వీటిలో 7, 8 సంఖ్యలవి ఆర్.ఎన్.ఎ.ని, 9వది బాక్టీరియా, వైరస్‌ల డి.ఎన్.ఎ.ని పసిగడతాయి. కణం మింగినవన్నీ చేరే సంచుల గోడల మీద ఇవి కూర్చుని ఉంటాయి. అనుమానం రాగానే కేక పెడతాయి. ఆ కేకే మనకు జ్వరంగా, ఒళ్ళునొప్పులుగా తెలుస్తుంది. ఈ మొదటి వరుస కాపలా ఎలా మేల్కొంటుందో కనిపెట్టినందుకు బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకు 2011 నోబెల్ బహుమతిలో సగం లభించింది.

రెండవ వరుస నేర్చుకునే కాపలా. మొదటిసారి వచ్చిన శత్రువును పరిశీలించి, దానికి సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. దీనికి రోజులు, వారాలు పడుతుంది. కాని అది మరిచిపోదు. అదే శత్రువు రెండవసారి వస్తే గుమ్మం దగ్గరే పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు మీకు అర్థమై ఉంటుంది. టీకాలో, నలుసు మోసుకువచ్చిన ఆజ్ఞతో తయారైన ప్రోటీను మీద కాపలా మేల్కోవాలి, బండి మీద కాదు. జన్యుచికిత్సలో రెండింటి మీదా మేల్కోకూడదు. కాని కాపలాదారులకు మన ఉద్దేశం తెలియదు కదా!

1999లో జరిగిన విషాదం

జన్యువును కణంలోకి చేర్చడంలో వైరస్‌ను మించిన నేర్పరి లేదు. అందుకని శాస్త్రజ్ఞులు జలుబు తెప్పించే ఎడినోవైరస్‌ను తీసుకుని, అది ఒంట్లో పెరగకుండా చేసి, అందులో తమకు కావలసిన జన్యువును పెట్టారు. ఇది సుమారు 90 నానోమీటర్లు ఉంటుంది. మన లెక్కలో శనగగింజ.

అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ యువకుడికి పుట్టుకతో ఒక లోపం ఉండేది. మాంసకృత్తులు జీర్ణమైన తరువాత మిగిలే అమోనియాను అతని కాలేయం సరిగా యూరియాగా మార్చలేకపోయేది. అమోనియా పెరిగితే మెదడుకు విషం. అతని లోపం తీవ్రమైనది కాదు. పథ్యంతో, మందులతో నెట్టుకొస్తున్నాడు. అయినా ఇదే జబ్బుతో పుట్టే పసిపిల్లలకు మేలు జరుగుతుందని ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగే ప్రయోగానికి ముందుకు వచ్చాడు. 1999 సెప్టెంబరు 13న లక్షల కోట్ల వైరస్ నలుసులను అతని కాలేయానికి వెళ్ళే రక్తనాళంలోకి ఎక్కించారు. మొదటి వరుస కాపలా ఒక్కసారిగా విరుచుకుపడింది. ఒళ్ళంతా మంట పుట్టి, ఒక్కొక్క అవయవమే పనిచెయ్యడం మానేసింది. నాలుగు రోజులకు, సెప్టెంబరు 17న అతను మరణించాడు.

అతన్ని చంపింది జన్యువు కాదు, జబ్బు కూడా కాదు. బండిని చూసి శరీరం పడిన కలవరం. ఆ సంస్థలో మనుషుల మీద జన్యుచికిత్స ప్రయోగాలు ఆపించారు. బండి సంగతి తేల్చుకోకుండా ముందుకు పోకూడదని ప్రపంచమంతా తెలుసుకుంది.

తుర్కపల్లిలో చింపాంజీ వైరస్

ఎడినోవైరస్‌తో ఇంకొక ఇబ్బంది ఉంది. మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ జలుబు వచ్చే ఉంటుంది. కాబట్టి ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉంటాయి. బండి కణాన్ని చేరకముందే పట్టుబడిపోతుంది.

దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. మనిషికి కొత్తదైన, చింపాంజీలలో ఉండే ఎడినోవైరస్‌ను తీసుకున్నారు. ఇంగ్లండులో రూపొంది పూణేలో తయారైన కోవిషీల్డ్ టీకా అటువంటిదే. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కూడా అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంతో కలిసి చింపాంజీ వైరస్ బండితో ఇన్‌కోవాక్ అనే టీకాను చేసింది. దీన్ని సూదితో కాక ముక్కులో చుక్కలుగా వేస్తారు. దీనికి 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. 2023 జనవరి 26న విడుదలైంది.

మరి ఆ చింపాంజీ వైరస్ ఒకసారి వచ్చాక మన శరీరం దాన్నీ గుర్తుపెట్టుకోదా? పెట్టుకుంటుంది. వైరస్ బండ్లతో ఉన్న పెద్ద చిక్కే అది. జన్యుచికిత్సలో వాడే వైరస్ బండ్లను సాధారణంగా ఒకేసారి ఇవ్వగలరు. రెండవసారికి ప్రతిరక్షకాలు అడ్డుపడతాయి.

కొవ్వుతో చేసిన నలుసు

వైరస్ వద్దనుకుంటే మరేమిటి? కణం పొర కొవ్వుతో చేసినదే కాబట్టి బండినీ కొవ్వుతోనే చేద్దామనే ఆలోచన పుట్టింది. జన్యువు మీద ఋణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న కొవ్వు దాన్ని అంటిపెట్టుకుంటుంది. 1987లో అమెరికాలో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం ఇలాంటి కొవ్వుతో జన్యువును కణాలలోకి చేర్చింది. హైదరాబాదులో తార్నాకలోని ఐ.ఐ.సి.టి., ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. కూడా ఇటువంటి కొవ్వుల మీద పరిశోధన చేశాయి.

కాని ధనావేశం ఎల్లప్పుడూ ఉంటే రక్తంలోని ప్రోటీనులన్నీ వచ్చి అతుక్కుంటాయి. కణాలు దెబ్బతింటాయి. కాపలాదారులు లేచి కూర్చుంటారు. ధనావేశం కావాలి, కాని రక్తంలో ఉండకూడదు. ఎలా?

మీ అమ్మమ్మను అడిగితే తోవ చూపిస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. దానిమీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. అంటే క్షారంలో ఒకలా, ఆమ్లంలో ఇంకొకలా ఉండే పదార్థాలు ఉన్నాయి. అటువంటి గుణమున్న కొవ్వును రసాయనజ్ఞులు తయారుచేశారు. రక్తం కొద్దిగా క్షారగుణం కలది కాబట్టి అందులో ఆ కొవ్వుకు ఆవేశం దాదాపు ఉండదు. కణం దాన్ని మింగి సంచిలో వేసుకున్నాక ఆ సంచిలో ఆమ్లత పెరుగుతుంది. అప్పుడు కొవ్వుకు ధనావేశం వస్తుంది. అది సంచి గోడను చీల్చి ఆజ్ఞను బయటికి వదులుతుంది. అన్నీ ఇలా బయటపడవు. కొద్ది భాగమే తప్పించుకుంటుంది. ఆ కొద్దే చాలు.

ఈ నలుసులో నాలుగు రకాల కొవ్వు పదార్థాలుంటాయి. ఒకటి మనం చెప్పుకున్న రంగులు మార్చే కొవ్వు. రెండవది కణం పొరలో ఉండేటటువంటి ఫాస్ఫోలిపిడ్. మూడవది గట్టిదనం కోసం కొలెస్టరాల్. నాలుగవది పెగ్ అనే పొడవాటి అణువు తగిలించిన కొవ్వు. పెగ్ నీటిని పట్టి ఉంచి, నలుసు చుట్టూ మెత్తని పరుపులా నిలిచి, కాపలాదారులు వెంటనే అతుక్కోకుండా చేస్తుంది.

ఇంకొక అడ్డంకి మిగిలింది. లోపల ఉన్న ఆర్.ఎన్.ఎ.ని టోల్ గూఢచారులు పట్టేస్తారు. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రజ్ఞులు దీనికి మందు కనిపెట్టారు. మన కణాలలోని ఆర్.ఎన్.ఎ.లో కొన్ని అక్షరాలు మార్పు చెంది ఉంటాయి. గూఢచారులకు అది సొంతమనిషి ఆనవాలు. యూరిడిన్ అనే అక్షరానికి బదులు సూడోయూరిడిన్ వేసి ఆర్.ఎన్.ఎ. తయారుచేస్తే కేకలు బాగా తగ్గిపోయాయి. 2005లో వారు ఈ సంగతి ప్రకటించారు. 2020లో కోవిడ్ టీకాలకు ఇది పునాది అయింది. 2023లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

కావాలని లేపడం

ఇక్కడ ఒక తమాషా చూడండి. ఏ గూఢచారుల కన్నుగప్పాలని వాళ్ళు పాటుపడ్డారో, ఆ గూఢచారులనే జీనోమ్ వ్యాలీలో కావాలని తట్టి లేపారు! భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌లో చచ్చిన వైరస్ ఉంటుంది. చచ్చినదాన్ని చూసి కాపలా అంతగా కదలదు. అందుకని 7, 8 టోల్ గ్రాహకాలను గిలిగింతలు పెట్టే ఒక చిన్న అణువును అల్యూమినియం జెల్‌కు అంటించి కలిపారు. శామీర్‌పేటలో కర్మాగారమున్న బయొలాజికల్ ఇ సంస్థ, అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు రూపొందించిన ప్రోటీనుతో కార్బెవాక్స్ చేసింది. 2021 డిసెంబరులో అనుమతి పొందిన ఆ టీకాలో 9వ గ్రాహకాన్ని లేపే డి.ఎన్.ఎ. తునక ఉంది. కాబట్టి కాపలా మేల్కోవడం మంచిదా, చెడ్డదా అని అడిగితే ఒకే జవాబు లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న.

పెగ్ మీద కూడా పగ

కొవ్వు నలుసులతో అంతా సుఖమేనా? కాదు. పెగ్‌ను సబ్బులలో, క్రీములలో, మందులలో వాడుతున్నారు. అందువల్ల కొందరి రక్తంలో పెగ్ మీద ప్రతిరక్షకాలు ఉంటాయి. పెగ్ నలుసులను మొదటిసారి ఇచ్చినప్పటికంటే రెండవసారి ఇచ్చినప్పుడు కాలేయం త్వరగా ఊడ్చేస్తుందని జంతువులలో చూశారు. దాక్కోవడానికి కప్పుకున్న దుప్పటినే శరీరం గుర్తుపట్టిందన్నమాట.

2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందు కొవ్వు నలుసులో ఆర్.ఎన్.ఎ.ని మోసుకుపోయే మొదటి మందు. దాన్ని మూడు వారాలకొకసారి రక్తంలోకి ఎక్కిస్తారు. ఎక్కించే ముందు ప్రతిసారీ కాపలాను శాంతింపజేసే మందులు ఇవ్వాలి. 2021లో మీ ఇంట్లో పెద్దలు కోవిడ్ టీకా వేయించుకున్నాక అరగంటసేపు అక్కడే కూర్చోబెట్టారు, గుర్తుందా? కాపలా అతిగా స్పందిస్తే వెంటనే కనిపెట్టడానికే. ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాల విషయంలో అమెరికాలో లెక్కవేస్తే పది లక్షల మోతాదులకు సుమారు ఐదుగురికి తీవ్రమైన ఎలర్జీ వచ్చింది. వారికి చికిత్స ఉంది. అందుకే అరగంట ఆగాలి.

మళ్ళీ ఫిలడెల్ఫియాలో

2025లో అదే ఫిలడెల్ఫియా నగరంలోని పిల్లల ఆసుపత్రిలో ఒక పసిబిడ్డకు వైద్యం చేశారు. ఆ బిడ్డ జబ్బు జెస్సీ జబ్బుకు చుట్టమే. అమోనియాను యూరియాగా మార్చే వరుసలో మరొక ఎంజైము లోపం. ఆ బిడ్డ జన్యువులోని తప్పును దిద్దే సాధనాన్ని ఆ ఒక్క బిడ్డ కోసమే తయారుచేసి, ఈసారి వైరస్‌లో కాక కొవ్వు నలుసులో పంపారు. ఫిబ్రవరిలో మొదటి మోతాదు చాలా కొద్దిగా ఇచ్చారు. శరీరం తట్టుకుందని చూశాక మార్చిలో, ఏప్రిల్‌లో మరి రెండు మోతాదులు ఇచ్చారు. వైరస్ బండి అయితే ఇలా మళ్ళీ మళ్ళీ ఇవ్వడం కుదిరేది కాదు. బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్ళాడు. జబ్బు పూర్తిగా పోయిందని వైద్యులు అనలేదు. చాలా ఏళ్ళు గమనించాలి అన్నారు.

1999కీ 2025కీ మధ్య ఇరవయ్యారేళ్ళు. ఒక యువకుడు పసిపిల్లల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఇరవయ్యారేళ్ళకు ఆ దారిలో ఒక పసిబిడ్డ నడిచాడు.

మన దగ్గర కూడా ఈ పని సాగుతోంది. ఎం.ఆర్.ఎన్.ఎ. టీకా తయారుచేసే పద్ధతిని సొంతంగా రూపొందించి ఎలుకలలో పరీక్షించినట్టు 2022లో సి.సి.ఎం.బి. ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన కేంద్రం నుంచి ఈ పరిజ్ఞానాన్ని అందుకోవడానికి బయొలాజికల్ ఇ ఎంపికైంది. కాలేయం కాక గుండెకో, మెదడుకో నలుసును పంపడం ఎలా? పెగ్ లేకుండా దాన్ని దాచడం ఎలా? ఇవి ఇంకా తేలవలసిన లెక్కలు. వీటిని తేల్చేవాళ్ళు ఇప్పుడు మీలాగే బడిలో ఉన్నారు.

చేసి చూడండి

గ్లాసుడు నీటిలో చిటికెడు పసుపు కలపండి. కొద్దిగా సబ్బునీరు పొయ్యండి. రంగు మారిందా? ఇప్పుడు నిమ్మరసం చుక్కచుక్కగా పిండండి. ఎన్ని చుక్కలకు పాత రంగు వచ్చిందో రాసుకోండి. రక్తంలో ఒకలా, కణం సంచిలో ఒకలా ఉండే కొవ్వును ఈ గ్లాసులో ఊహించుకోండి.

ఆలోచించి చెప్పండి

1. విడి ప్రోటీను కంటే 22 నానోమీటర్ల నలుసును శరీరం ఎందుకు ఎక్కువగా పట్టించుకుంటుంది?
2. చింపాంజీ ఎడినోవైరస్‌ను బండిగా ఎందుకు ఎంచుకున్నారు? రెండవసారి దానికి ఏ ఇబ్బంది?
3. కాపలాను లేపడం ఏ సందర్భంలో మేలు, ఏ సందర్భంలో కీడు? ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
4. మీ తమ్ముడి టీకా కార్డు తీసి చూడండి. అందులో హెపటైటిస్-బి ఎన్నిసార్లు ఉంది? ఒక్కసారి వేస్తే ఎందుకు చాలదు?